తుంగభద్రకు ఇరుదరుల జోగప్పలు

హోసపేటకు చేరువను, తుంగభద్ర ఎడమదరిని, మునిరాబాదు ప్రక్కన హులిగి యను గ్రామము కలదు. అచ్చట వెలసిన హులిగెమ్మను సేవించుటకు మంగళ, శుక్రవారములందును పున్నమి దినములందును జనము తండోపతండములుగా వచ్చుచుందురు. కన్నడిగులతో పాటు బళ్ళారి, ఆదోని, రాయదుర్గము ప్రాంతముల తెలుగువారును వచ్చుట పరిపాటి. ఆ జనసమ్మర్దములో పసుపు పూసిన మోముతో, చీర గట్టి, గాజులు తొడిగి, మెడలో ముత్యముల దండయు గవ్వల పేరును దాల్చి, నెత్తిపై అమ్మవారి బుట్టను చేయి పట్టకయే నిలిపి ఆడువారు కొందరు కానవత్తురు. పుట్టుకచే వీరు పురుషులు. అమ్మవారు తమను స్త్రీలుగా చేసికొన్నదని వీరి విశ్వాసము. మ్రొక్కువారి విశ్వాసమును అదియే. కన్నడమున వీరిని జోగప్పలందురు. జోగతి యని స్త్రీవాచకముగా పిలుచుటయు కలదు.

బళ్ళారి, రాయచూరు, కొప్పళ సీమలలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు ఈ జోగప్పలను చూచుచునే పెరిగిరి. ఇంట బిడ్డ పుట్టినను, పెండ్లి జరిగినను, అమ్మవారికి మ్రొక్కు చెల్లించినను వారు వాకిట నిలుతురు. వారిచ్చు పసుపు బండారమును ఇల్లాండ్రు కన్నుల కద్దుకొందురు. అయినను మనవారి చరిత్ర వ్రాతలు కవులతోను, పాళెగాండ్రతోను, నాటక సమాజములతోను నిండియుండగా జోగప్పకు అందులో ఒక పంక్తి దొరకుటయే కష్టము. నిత్యము కంటికి కనబడు మనిషి కాగితముపై కనబడకుండుట చరిత్రకారుడు గమనింపదగిన విషయము.

నేడు పత్రికలందును టెలివిజన్ చర్చలందును రెండు వాదములు తరచుగా వినబడుచున్నవి. ఆడు, మగ అను విభాగమునకు లోబడని జీవనమును, స్వలింగ ప్రేమయు పాశ్చాత్యుల నుండి వచ్చిన వింతలని కొందరందురు. మన ధర్మము ఇట్టివారిని ఎల్లకాలము గౌరవించినదనియు, వారి బాధలన్నియు పరపాలనతో వచ్చినవేయనియు మరికొందరు సమాధానము చెప్పుదురు. తుంగభద్రా తీరపు వృత్తాంతమును నిదానించి చూచినచో ఈ రెండును పూర్తిగా నిలువవు. అమ్మవారి కొలువు జోగప్పకు వీధిలో చోటిచ్చినమాట నిజము. ఆ చోటునకు గట్టి కట్టుబాట్లు కలవు. ఆ కట్టుబాట్లలో ఇమడనివారికి అది దక్కలేదు.

జోగప్పల కులదైవము ఎల్లమ్మ, అనగా రేణుక. ఆమె ముఖ్యక్షేత్రము బెళగావి జిల్లాలోని సవదత్తి గుట్ట. హులిగెమ్మ కొలువునను జోగప్పలు అదే రీతిని దీక్ష పొందుదురు. రేణుక కథ తెలుగువారికి క్రొత్తది కాదు. భర్తయగు జమదగ్ని ఆనతిని పరశురాముడు తల్లి శిరస్సును ఖండించుట, తిరిగి బ్రదికించునపుడు రేణుక తలయు మాదిగ స్త్రీ మొండెమును తారుమారై అతుకుట, అట్లు ఎల్లమ్మ పుట్టుట మన పల్లెలలో బైండ్లవారు జమిడిక మీటుచు రాత్రులు రాత్రులు చెప్పెడి కథయే. తారుమారైన దేహముతో వెలసిన దేవత, దేహము తారుమారైనదని తలచువారికి దిక్కగుట ఆశ్చర్యము కాదు.

ఈ కథలో ఒక చిన్న భేదము గమనింపదగినది. మహాభారత వనపర్వమున జమదగ్ని పెద్దకుమారులు నలువురు, రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు, తల్లిని చంపుటకు ఒప్పుకొనక తండ్రి శాపమునకు గురియైరి. ఆ శాపము వారి తెలివిని హరించినది. వారు మృగపక్షులవలె జడులైరి. సవదత్తి ప్రాంతపు జానపద కథలో అదే శాపము వారి మగతనమును హరించినది. ఆ కుమారుల వంటివారమే తామని జోగప్పలు చెప్పుకొందురు. సంస్కృత కథలో మతిలేనివారైన కొడుకులు జనుల కథలో తల్లి పక్షమున నిలిచి అందుకు వెల చెల్లించినవారైరి. ఈ మార్పు ఎవరు చేసిరో తెలుపు గ్రంథము లేదు. జోగప్పల నోటనే అది రూపు దిద్దుకొన్నదని ఊహించుట అనుచితము కానేరదు. తన పుట్టుకకు కారణము వెదకుకొను మనిషి తల్లిని చంపని కొడుకును ఎన్నుకొనుటలో కొంత ఆత్మగౌరవము కలదు.

దీక్ష ఎట్లు సంభవించును? బాలుడు ఆడపిల్లలతో ఆడుట, చీర గట్ట కోరుట, నడకలో మాటలో స్త్రీవలె వర్తించుట మొదలిడును. ఇంటివారు కొట్టుదురు, తిట్టుదురు, వైద్యుల కడకును భూతవైద్యుల కడకును త్రిప్పుదురు. కొందరికి తలవెండ్రుకలు జడలు కట్టును. కొందరికి మానని చర్మవ్యాధి కలుగును. అప్పుడు పెద్దలు కూడి ఎల్లమ్మ పట్టినదని నిర్ణయింతురు. ఆ నిర్ణయముతో ఇంటి వైఖరి మారును. అంతవరకు కుర్రవాని తప్పుగా నున్నది అమ్మవారి ఆజ్ఞ యగును. ఆజ్ఞను ధిక్కరించిన ఇంటికి కీడు తప్పదను భయము తల్లిదండ్రుల నోరు మూయును. పిదప గుడిలో పెద్ద జోగప్ప యొకరు గురువై ముత్యములు కట్టుదురు. మొలత్రాడు త్రెంచి చీర, గాజులు, కుంకుమ ఇత్తురు. నాటినుండి మంగళ, శుక్రవారములందు బుట్ట నెత్తుకొని ఇంటింట జోగు ఎత్తుట, అమ్మవారి పాటలు పాడుట వృత్తి. పాటకు చౌడికె, తుంతుణి అను వాద్యములు తోడు. చౌడికెకును మన బైండ్లవారి జమిడికకును గల చుట్టరికము విన్న చెవికే తెలియును. మార్గశిర పున్నమినాడు జమదగ్ని మరణమును తలచి గాజులు తీయుటయు, పిదప వచ్చు పున్నమి జాతరలలో మరల తొడుగుకొనుటయు వీరి ఆచారము.

పట్టణములలో కనబడు హిజ్రాలును జోగప్పలును ఒక్కటే యని అనేకులు భ్రమపడుదురు. హిజ్రాలకు తమవైన ఇండ్లు, గురుపరంపరలు, నిర్వాణమను శస్త్రకర్మ, సొంత పంచాయతులు ఉన్నవి. జోగప్పకు శస్త్రకర్మ విధి కాదు. కొందరు పుట్టినింటనే తల్లిదండ్రులతో నివసింతురు. బ్రతుకుతెరువునకై బెంగళూరు వంటి నగరములకు పోయి హిజ్రాల ఇండ్లలో చేరినవారును కలరు. జోగప్ప అమ్మవారికి అంకితమైనవాడు, లేక అంకితమైనది. కనుక దేహవాంఛ యుండరాదని నియమము. మనుష్యుడు మనుష్యుని కోరుటను గూర్చి ఆ దీక్షలో మాటయే లేదు. ఉన్నను గుట్టుగా నుండవలసినదే. అమ్మవారి పేరు అడ్డుగా నున్నంతవరకు సంఘము కన్ను మూసికొనును. ఆ పేరును తీసివేసి, నేను ఇట్టి మనిషిని అని నిలిచినవానికి ఊరిలో ఆదరము దొరకుట కష్టము. జోగు ఎత్తువాని పాదములకు మ్రొక్కిన ఇంటిలోనే అతడు పంక్తిలో భుజించుట, పొలములో పాలు అడుగుట చిక్కులు తెచ్చుచుండెను.

ఇది కన్నడిగుల ఆచారము, మనది కాదు అని చెప్పుట కొందరు తెలుగువారికి అలవాటు. ఈ మాట పరీక్షకు నిలువదు. తెలంగాణములో కొమురవెల్లి మల్లన్న, ఎల్లమ్మల కొలువున పూనకము పొంది ఆడు శివసత్తులలో స్త్రీవేషము ధరించిన పురుషులు కలరు. వేములవాడ రాజన్న క్షేత్రమున శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణము జరుగు వేళ శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు త్రిశూలము చేతబట్టి, ఒకరిపై నొకరు తలంబ్రాలు పోసికొని, తాము శివుని పెండ్లాడితిమని భావింతురు. రాముని పెండ్లి పందిరిలో శివునికి ఇందరు పెండ్లికూతుండ్రు! పండితులు దీనికి శాస్త్రప్రమాణము వెదకవచ్చును, జనులు వెదకరు.

బళ్ళారికి ఈశాన్యమున, ఆదోని మండలములోని సంతెకుడ్లూరులో హోళీ పండుగనాడు పురుషులు చీరలు కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి రతీమన్మథులను పూజింతురు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మ్రొక్కుకొన్న మగవారు స్త్రీవేషమున ఊరు తిరుగుదురు. కైకాలవారు వంశపరంపరగా గంగమ్మ వేషములు ధరింతురు. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలోనివే. ఆ దినమున ఆంధ్రరాష్ట్ర మేర్పడి జిల్లా రెండుగా చీలినది. మనుష్యులు గీచిన ఆ హద్దు దేవతలను గాని, వారి కొలువును గాని చీల్చలేదు.

అయితే సంతెకుడ్లూరు చీరకును హులిగి చీరకును భేదము కలదు. సంతెకుడ్లూరు రైతు మరునాడు చీర మడిచి భార్య పెట్టెలో పెట్టి పంచె కట్టుకొని పొలమునకు పోవును. గంగమ్మకు మ్రొక్కుకొన్నవాడు వేషము తీసి మీసము దువ్వుకొనును. జోగప్ప చీర తీయడు. తెలుగు సంఘము తాత్కాలిక వేషమును పండుగగా చూచినది, శాశ్వత వేషమును అమ్మవారి శాపముగా చూచినది. రెంటికిని అనుమతి యిచ్చినది గాని రెండవవానికి ఇచ్చిన అనుమతిలో జాలియు, భయమును కలిసియున్నవి.

ప్రభుత్వ శాసనములు ఇంకొక త్రోవ త్రొక్కినవి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 377వ విభాగము స్వలింగ సంగమమును నేరము చేసెను. 1871 నాటి నేరజాతుల చట్టములోని రెండవ భాగము ఉత్తరదేశమున హిజ్రాల పేరులను పోలీసు పట్టికలోనికి ఎక్కించెను. తెలుగువారికి మిక్కిలి దగ్గరగా వచ్చినది 1919లో, అనగా 1329 ఫసలీలో, నైజాము రాజ్యమున వెలువడిన శాసనము. హైదరాబాదు నగరమందును, ప్రభుత్వము నిర్దేశించు ఇతర స్థలములందును నివసించు నపుంసకుల పట్టిక నుంచవలెనని అది ఆజ్ఞాపించెను. పట్టికలో చేరినవారు వీధిలో స్త్రీవేషముతోనో నగలతోనో కనబడినను, బహిరంగముగా ఆడినను పాడినను వారంటు లేకయే పట్టుకొని, రెండేండ్ల వరకు చెరసాలయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. చీర గట్టుట, నగ పెట్టుట, ఆడుట, పాడుట: ఎల్లమ్మ తన బిడ్డను కోరినవన్నియు ఆ పట్టికలో నేరములే. నాడు హులిగి నైజాము ఏలుబడిలోను, నదికి ఆవలి హోసపేట మద్రాసు రాష్ట్రములోను ఉండెను.

ఈ శాసనము నైజాముతో పోలేదు. 1956లో రాయచూరు, గుల్బర్గా, బీదరు జిల్లాలు మైసూరులో చేరిన పిదప, తెలంగాణ ప్రాంతపు చట్టమను పేరుతో ఆంధ్రప్రదేశ్ శాసనములలో నిలిచినది. రాష్ట్రము రెండైన తరువాత తెలంగాణకు సంక్రమించినది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. నూరేండ్లకు పైగా బ్రతికిన చట్టము! కర్ణాటకమును ఈ విషయమున నిర్దోషి యనరాదు. 2011లో కర్ణాటక పోలీసు చట్టమునకు 36ఏ అను విభాగమును చేర్చి, అదే తీరున నపుంసకుల పట్టిక నుంచు అధికారమును పోలీసులకు ఇచ్చిరి. హైకోర్టులో వ్యాజ్యము నడచిన మీదట ఆ పదమును తొలగించిరి. పరపాలనయే అన్నిటికిని మూలమను వాదమునకు ఈ 2011 సంవత్సరమే ప్రత్యుత్తరము.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, తమ లింగమేదో నిర్ణయించుకొను హక్కు ఆ మనుష్యులదే యని అంగీకరించెను. ఆ తీర్పులో హిజ్రాలతో పాటు జోగప్పల పేరును, ఆంధ్రదేశపు శివశక్తుల పేరును కనబడును. రేణుకాదేవి ఆలయములు మహారాష్ట్ర కర్ణాటకములలో నున్నవని మాత్రము అందు వ్రాసిరి. హైదరాబాదులో బల్కంపేట ఎల్లమ్మ యుండగా తెలుగుదేశమును విడిచిపెట్టుట చిన్నలోపమే గాని, మనవారు తమ ఆచారమును తాము వ్రాసికొనకుండుటచే కలిగిన లోపమది. 2011 జనాభా లెక్కలలో ఆడు మగలకు వేరుగా ‘ఇతరులు’ అను గడిలో దేశమున 4,87,803 మందిని లెక్కించిరి. అందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769, కర్ణాటకములో 20,266. మనది కాదనుకొన్న సంఖ్య మనవద్దనే రెట్టింపునకు మించియున్నది.

గుడి తరువాత చెప్పదగినది రంగస్థలము. బళ్ళారి తెలుగువారికి ఇది ఇంటి విషయము. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలము శ్రీనివాసరావు (1854–1919), బళ్ళారి రాఘవ (1880–1946) ఆ పట్టణమున తెలుగు నాటకమునకు ప్రాణము పోసిరి. ఆనాడు స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని రాఘవ పట్టుబట్టిరి. కోస్తాలో స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, చిత్రాంగిగా నిలిచిన తీరును జనులు తరములుగా చెప్పుకొనిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించెను. కూచిపూడి భామవేషమునకు పేరొందిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో అదే బిరుదు వచ్చినది. స్త్రీవలె నడచిన పురుషునికి తెలుగు సంఘము చప్పట్లు కొట్టుటలో ఎన్నడును వెనుదీయలేదు. తెర పడిన పిమ్మట అతడు గృహస్థుగా ఇంటికి పోవుననెడి ధైర్యము ఆ చప్పట్లలో కలిసియుండెను.

సినిమా వచ్చిన పిదప ఆ గౌరవమును మిగులలేదు. తెలుగు చిత్రములలో ఇట్టి పాత్ర చిరకాలము నవ్వించుటకే వచ్చిపోయినది: ఒక చప్పట, ఒక వికారపు నడక, హాస్యగాని పరుగు. 2011లో తమిళము నుండి తెలుగునకు వచ్చిన ‘కాంచన’ చిత్రములో శరత్‌కుమార్ ధరించిన పాత్రకు దుఃఖమును, కోపమును, న్యాయమడుగు నోరును ఉన్నవి. అయితే ఆమె దయ్యమైన పిదపనే జనులు భయపడి వినిరి. పొరుగువారు కొంత ముందునకు పోయిరి. 2008లో విజయ్ టెలివిజన్‌లో రోజ్ వెంకటేశన్ తన పేరుతోనే ఒక చర్చా కార్యక్రమమును నడపిరి. లివింగ్ స్మైల్ విద్య తమిళమున వ్రాసిన ఆత్మకథ ఆధారముగా కన్నడమున ‘నాను అవనల్ల అవళు’ అను చిత్రము 2015లో విడుదలయ్యెను. అందు నటించిన సంచారి విజయ్‌కు ఉత్తమనటునిగా జాతీయ పురస్కారము వచ్చెను.

గుడియు, రంగస్థలమును, పత్రికయు ఒక్క జీవితములో కలిసిన ఉదాహరణము బళ్ళారి సీమలోనే కలదు. జిల్లాలోని కల్లుకంబ గ్రామమున మంజునాథశెట్టిగా పుట్టిన బిడ్డ నేటి జోగతి మంజమ్మ. కౌమారమున స్త్రీస్వభావము బయటపడగా ఇంటివారు హులిగెమ్మ గుడికి కొనిపోయి దీక్ష ఇప్పించిరి. కొడుకు తమకు దక్కలేదని తల్లి ఏడ్చిన సంగతిని మంజమ్మ స్వయముగా చెప్పియున్నారు. దీక్షతో చోటు దొరకినదని గదా శాస్త్రము! అయినను ఆ ఇల్లు నిలువలేదు. విషము త్రాగుట, ప్రాణముతో బయటపడుట, ఇల్లు విడుచుట, బిచ్చమెత్తుట, ఇడ్లీలమ్ముట, దుండగుల చేతిలో దౌర్జన్యమునకు గురియగుట వరుసగా సంభవించినవి. అమ్మవారి ముత్యములు మెడలోనుండగనే ఇవన్నియు జరిగినవని మరువరాదు.

దావణగెరెలో ఒక పురుషుడు పాడుచుండగా ఒక బాలుడు బిందె నెత్తిపై నిలిపి జోగతి నృత్యమాడుటను చూచి మంజమ్మ ఆ విద్యను ఆశ్రయించిరి. మట్టికల్లు బసప్ప వద్ద నేర్చి, హగరిబొమ్మనహళ్ళి కాళవ్వ జోగతి బృందమున చేరి ఊరూర ఆడిరి. కాళవ్వ మరణించిన పిదప బృందభారము తామే వహించిరి. ఇచ్చట ఒక మార్పు సంభవించినది. జోగు ఎత్తునపుడు జనులు అమ్మవారికి వెరచి బియ్యము పెట్టిరి. రంగముపై ఆడునపుడు ఆటను మెచ్చి డబ్బిచ్చిరి. మొదటిది దేవతకు చెల్లు కానుక, రెండవది మనిషికి చెల్లు ప్రతిఫలము. 2010లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారమును, 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్ష పదవియు, 2021లో పద్మశ్రీయు వారికి లభించినవి. 2021 నవంబరులో రాష్ట్రపతి భవనమున బిరుదు నందుకొనుటకు ముందు మంజమ్మ చీరకొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీసిరి. ఆ దృశ్యమును టెలివిజన్‌లో దేశమంతయు చూచినది. వాకిట నిలిచి గృహిణికి ఇచ్చు దీవననే ఆమె ఆ సభలోనికి కొనిపోయిరి. నాడు స్థానము వారికిచ్చిన బిరుదే నేడు తెర పడినను చీర విప్పని మనిషికి చెల్లుటకు అరువదియైదు సంవత్సరములు పట్టినది.

మంజమ్మ ఆత్మకథకు కన్నడమున ‘నడువె సుళివ హెణ్ణు’ అని పేరు. నడుమ మెలగు ఆత్మకు ఆడుతనము గాని మగతనము గాని లేదను జేడర దాసిమయ్య వచనమును అది గుర్తునకు తెచ్చును. కన్నడిగులు తమ వచన వాఙ్మయము నుండి ఒక మర్యాదగల మాటను అట్లు వెలికి తీసికొనిరి. తమిళులు కరుణానిధి కాలమున ‘తిరునంగై’ యను పదమును వాడుకలోనికి తెచ్చి, 2008లో వారికై ప్రత్యేక సంక్షేమ మండలి నెలకొల్పిరి. తెలుగువారి పలుకుబడి ఈ విషయమున దరిద్రమైనది. ‘పేడి’ అను పాతపదము నిఘంటువులకు పరిమితమయ్యెను. ‘కొజ్జా’ యన్నది పారసీకపు ‘ఖ్వాజా’ నుండి వచ్చినదే. అచ్చట అది దొరగారను గౌరవవాచకము, మన వీధిలో తిట్టు. ‘నపుంసకుడు’ అనునది వ్యాకరణమున లింగవాచకము, కోర్టు కాగితమున నేరస్థుని పేరు, ఇరుగుపొరుగు జగడమున రాయి. పత్రికలు ఈ మూటిని విడిచి ‘ట్రాన్స్‌జెండర్’ అను ఇంగ్లీషు మాటను ఆశ్రయించుట మెచ్చదగినదే గాని, ఇంటిమాట లేకపోయినదన్న వెలితి తీరలేదు.

వ్యాకరణము తలచినచో దారి లేకపోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) తెలుగు శబ్దములు మహత్తు, మహతి, అమహత్తు అని విడదీయబడినవి. వాడుకలో ఏకవచనమున స్త్రీకిని జడమునకును క్రియ యొక్కటియే. ఆమె వచ్చింది, బండి వచ్చింది. బహువచనమునకు రాగానే స్త్రీయు పురుషుడును ఒక్క క్రియలో ఒదుగుదురు. మనిషిని గౌరవించి ‘వారు’ అన్నచో వారు ఎవరో తేల్చవలసిన అగత్యమే యుండదు. ‘అవను’, ‘అవళు’ అని ఏకవచనమున తెగవేసి చెప్పవలసిన కన్నడిగునికి లేని సదుపాయము కాదిది, అయినను తెలుగున ఇది మిక్కిలి సహజము. వాకిట నిలిచిన జోగప్పను గూర్చి చెప్పుచు తెలుగు ఇల్లాలు ‘వారొచ్చిరి’ యన్నచో భాషకు ఏ లోటును రాదు. చాలమంది ‘అది వచ్చింది’ అందురు.

ఇంతవరకు చెప్పినది పుట్టుకచే పురుషులై స్త్రీలుగా బ్రతుకువారిని గూర్చియే. స్త్రీగా పుట్టి పురుషునిగా బ్రతుకదలచినవానికి ఎల్లమ్మ కొలువున ఇట్టి బుట్టయు లేదు, ముత్యమును లేదు. ఆడపిల్లలను ఆ దేవతకు విడుచుట వేరు కథ. అందు బాలికల కోరికతో పనిలేదు. వారి దురవస్థను మాన్పుటకే కర్ణాటకము 1982లోను, ఆంధ్రప్రదేశము 1988లోను దేవదాసీ నిషేధ శాసనములను చేసినవి. ఇక స్త్రీవేషము గాని దీక్ష గాని లేక, పురుషుని ప్రేమించు పురుషునకును, స్త్రీని ప్రేమించు స్త్రీకిని ఏ జాతరలోను పేరు లేదు. సంఘము వారిని తిట్టుటకైన ఒక పదము నిర్మింపలేదు. చూడనట్లు నటించుటయే అలవాటు చేసికొన్నది. పెండ్లి చేసి పంపుటయే ఇంటివారికి తెలిసిన చికిత్స. ఆ చికిత్సలో రెండవ బ్రతుకొకటి బలియగుచుండెనని ఎందరు తలచిరి?

వీరి కథ గుడిలో గాక కోర్టులలో నడచినది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ విభాగపు పట్టును సడలించినది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల పీఠము, పరస్పర సమ్మతిగల పెద్దల స్వలింగ ప్రేమ నేరము కాదని నిర్ణయించినది. ఆ తీర్పుపై మతసంస్థలలో పలువిధములైన మాటలు వినబడినవి. 2015లో ఏర్పడిన కిన్నర అఖాడా 2019 ప్రయాగ కుంభమేళాలో జూనా అఖాడాతో చేరి స్నానయాత్ర చేసినది. వివాహపు మాట వచ్చునప్పటికి మాత్రము మతాంతరములు మరచి పెక్కు సంస్థలు ఒక్కటైనవి. జమీయత్ ఉలమా-ఎ-హింద్ సుప్రీంకోర్టులోనే ప్రతికూలముగా వాదించినది. తమిళనాట 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై పీఠము, హిందూ వివాహ చట్టములోని వధువు అను మాటలో స్త్రీగా జీవించు ట్రాన్స్‌జెండర్ వ్యక్తియు చేరునని తీర్పు చెప్పి, తూత్తుకుడి గుడిలో జరిగిన ఒక పెండ్లిని నమోదు చేయించినది. ఒకే లింగమునకు చెందిన జంటల వివాహ విషయమును 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు శాసనకర్తలకే విడిచిపెట్టినది. వేములవాడలో శ్రీరామనవమినాడు శివుని పేర ఇన్ని తలంబ్రాలు రాలుచుండగా, అట్టి జంటపై ఒక గింజ చల్లు ఆచారము అచ్చట గాని హులిగిలో గాని లేదు.